వీపు మీది కుట్టు

జూన్ 11

తమ్ముడికి,

ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ క్షేమమేనని నా అంతట నేనే అనుకోవాలి, ఎందుకంటే పోయిన ఉత్తరానికి నీ దగ్గర్నుంచి జవాబు లేదు.

విషయానికొస్తాను. మీ ఫుట్‌బాల్ క్లబ్బువాళ్ళు మా చిన్నోణ్ణి కొన్నారు. ఆ మాట నాది కాదు, కాగితంలో అలాగే ఉంది. ఒక పెద్దమనిషి వరసగా మూడు ఆదివారాలు మన పేట గ్రౌండు పక్కన గొడుగు వేసుకుని కూర్చున్నాడు. స్థలం కొనడానికి వచ్చాడనుకున్నాం. నాలుగో ఆదివారం పీటీ మాస్టారితో బేరం తేల్చేశాడు. పేట జట్టుకి ఒక గడ్డి కోసే యంత్రం, నలభై బంతులు. చిన్నోడు మీకు.

మాస్టారు చెడ్డవాడు కాదు. మోకాలెత్తు గడ్డిలో బంతిని వెతుక్కోవడానికే సగం ఆట అయిపోతోందని ఎన్నాళ్ళుగానో మొత్తుకుంటున్నాడు. మీ బావ కాగితం మీద సీలు చూసి, చదవకుండా సంతకం పెట్టేశారు. నేను చదివాను. తగిన ధర వస్తే వాణ్ణి ఎప్పుడైనా ఇంకొకళ్ళకి అమ్ముకోవచ్చని నాలుగో పేజీలో ఉంది. ఎడమకాలితో తంతున్నాడని నేను బెత్తం పట్టుకుని వెంటపడ్డానే, ఆ కాలే వాళ్ళకి నచ్చిందట.

వాడికింకా పదిహేడేళ్ళు. దీపం ఆర్పితే నిద్రపోడు. ఒక చోట కుదురుకోవడానికి వాడికి మూడేళ్ళు కావాలి. ఆ మూడేళ్ళూ వాణ్ణి ఎవరికీ అమ్మకుండా చూడు. పదకొండేళ్ళుగా అక్కడ జెర్సీల మీద పేర్లు కుడుతున్నావు, ఛైర్మన్ దగ్గర నీకు పలుకుబడి ఉందని నువ్వే రాశావు.

ఫోను చెయ్యకు. ఫోనులో అన్నిటికీ ఊఁ కొడతావు, పెట్టేశాక చూసుకుంటే చేతిలో ఏమీ ఉండదు. రాయి. బడులు తెరిచారు, ఇంకా ముప్పై జతల యూనిఫాంలు కుట్టాలి. ఉంటాను.

అక్క


జూన్ 24

అక్కకి నమస్కారాలు.

పలుకుబడి ఉందని రాసినట్టు నాకూ లీలగా గుర్తుంది. ఏ సందర్భంలో రాశానో గుర్తులేదు. ఛైర్మన్ గారు కనిపిస్తే ‘ఏమయ్యా దర్జీ’ అంటారు. నా పేరు ఆయనకి తెలియదు. చదువుకుందామన్నా నా వీపు మీద ఏమీ లేదు.

చిన్నోడు చేరాడు. ఎనిమిది మందితో హాస్టల్ గదిలో ఉంటున్నాడు. వరండాలో లైటు ఆర్పొద్దని వాచ్‌మన్‌కి చెప్పాను, సరేనన్నాడు. నా పలుకుబడి అంతవరకూ పనిచేస్తుంది.

నా గది గ్యాలరీ మెట్ల కింద. మా వాళ్ళు గోల్ వేస్తే పైన జనం ఎగురుతారు, కింద నా మిషను మీద సున్నం రాలుతుంది. ఆట చూడకుండానే లెక్క తెలుస్తుంది.

నువ్వు దర్జీవి కాబట్టి ఒక సంగతి చెప్తాను, ఎవరితోనూ అనకు. పేర్లు కుట్టడానికి ఆఫీసు గుమాస్తా నాకు చీటీలు పంపుతాడు. తెల్ల చీటీ వస్తే ఆ ఆటగాడు ఉంటాడని అర్థం. పేరు మిషను మీద పక్కాగా కుట్టాలి. పసుపు చీటీ వస్తే అమ్మకానికి పెట్టారని. పాత కుట్టు విప్పి పేరును చేత్తో కచ్చాగా కుట్టాలి, అమ్ముడుపోయిన రోజు దారం కొస పట్టుకుని లాగితే మొత్తం ఊడి వచ్చేయాలి. మర్నాడు అదే జెర్సీ మీద కొత్తవాడి పేరు ఎక్కుతుంది. మా క్లబ్బు ఆటగాళ్ళని ఉంచుకోదు గాని జెర్సీలని మాత్రం పారెయ్యదు. ఈ రహస్యం గుమాస్తాకీ నాకూ తప్ప మూడో మనిషికి తెలియదు.

ఒకే ఒక్కసారి పొరపాటు జరిగింది. రిజర్వు గోల్‌కీపర్‌కి పసుపు చీటీ వస్తే నేను పరధ్యానంలో పక్కాగా కుట్టేశాను. విప్పబోతే గుడ్డ చిరిగేలా ఉందని గుమాస్తా వదిలేశాడు. ఆ మనిషి ఇంకా ఇక్కడే ఉన్నాడు. ఆరేళ్ళయింది, ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఎవరూ అడగలేదు.

చిన్నోడికి ప్రస్తుతం తెల్ల చీటీయే.

తమ్ముడు


జూలై 8

తమ్ముడికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి కోపం ఎక్కువైంది.

కచ్చా కుట్టుతో బట్ట బయటికి పంపుతున్నావా? నాన్న షాపులో ఒకసారి నువ్వు గుండీ కచ్చాగా కుట్టి పంపినందుకు ఆయన ఆ గిరాకీ ఇంటికి స్వయంగా వెళ్ళి, చొక్కా విప్పించి, కుట్టి వచ్చాడు. మర్చిపోయావా? వేలమంది చూస్తుండగా పరిగెత్తేవాడి వీపు మీద నాలుగు కుట్లు వేసి వదిలేయడం ఏం పని? ఏ చీటీ వచ్చినా సరే, నా కొడుకు పేరు మాత్రం పక్కాగా కుట్టు. నాన్న నేర్పిన రెండు వరసల కుట్టు. అది ఊడితే పోయేది మన పరువు.

పసుపు చీటీ వస్తే ముందు నాకు రాయి. నేనే వచ్చి మీ ఛైర్మన్ గుమ్మంలో కూర్చుంటాను.

ఇక్కడ గడ్డి యంత్రం వచ్చింది. తెల్లవారకుండానే మోత మొదలవుతుంది. గ్రౌండు మా కిటికీకి ఎదురే కదా. ఆ మోత విన్నప్పుడల్లా మీ బావ టీ గ్లాసు పక్కన పెట్టి బయటికి వెళ్ళిపోతున్నారు.

అక్క


నవంబర్ 29

అక్కకి నమస్కారాలు.

ఆలస్యమైంది. మా ఎడమ వైపు ఆడేవాడికి మడమ బెణికితే చిన్నోణ్ణి దింపారు. తర్వాత ఆ మడమ బాగైంది గాని ఎవరూ దాని సంగతి అడగలేదు. ఆరు మ్యాచ్‌లలో ఏడు గోల్స్ వాడి కాలి నుంచే. నా మిషను మీద సున్నం చూస్తే కొత్తగా వెల్ల వేసినట్టుంది. గుడ్డ కప్పి కుట్టుకుంటున్నాను. ఏడుపొస్తుందేమోనని ఒక్క మ్యాచ్ కూడా పైకి వెళ్ళి చూడలేదు. ఈ వయసులో బాగుండదు.

ఇక్కడ ఒక అలవాటు గమనించాను. ఆటగాళ్ళు జెర్సీ వేసుకునే ముందు వేలితో పేరు తడిమి చూసుకుంటారు. దేవుణ్ణి తలుచుకుంటున్నారనుకునేవాణ్ణి. ఇంకో అలవాటు, బయటి క్లబ్బుల ఏజెంట్లు ఆట అయ్యాక వచ్చి కుర్రాళ్ళని మెచ్చుకుంటూ వీపు తడతారు. వ్యాపారంలో ఉన్నా ఆప్యాయత గల మనుషులు.

ఈ మధ్య చిన్నోణ్ణి తట్టేవాళ్ళు ఎక్కువయ్యారు.

తమ్ముడు


డిసెంబర్ 10

తమ్ముడికి,

ఎదురింటి పెద్దాయన పేపర్లో ఆటల పేజీ చదివి రోజూ వచ్చి చెప్తున్నాడు. మీ వాడి రేటు పెరుగుతోందమ్మా, జనవరిలో అమ్మకాలు తెరుస్తారు అంటాడు. ధర మాట ఎత్తగానే నేను మిషను గట్టిగా తొక్కుతున్నాను. మా తమ్ముడు అక్కడుండగా అమ్మరు అని ఆయనకి చెప్పాను. మీ తమ్ముడు మేనేజరా అన్నాడు. అంతకంటే దగ్గర, వీపు మీదే ఉంటాడు అన్నాను. ఆయనకి అర్థం కాలేదు, నేనూ విడమర్చలేదు.

రంగు మారితే రాయి.

అక్క


జనవరి 6

అక్కకి నమస్కారాలు.

చలి బాగా ఉంది. బూట్ల మేస్త్రికి దగ్గు. నాకు కొత్త కత్తెర ఇచ్చారు, పాతదే బాగుండేది.

చిన్నోడి చీటీ వచ్చింది. నువ్వు చెప్పినట్టే నాన్న నేర్పిన రెండు వరసల కుట్టు వేశాను, పక్కాగా. ఆ పేరును ఇక ఎవరూ ఊడదియ్యలేరు. కాబట్టి నువ్వు కంగారు పడకు. ప్రయాణం పెట్టుకోకు.

తమ్ముడు


జనవరి 17

తమ్ముడికి,

ఎన్నాళ్ళకి మంచి మాట రాశావురా. ఆ రోజు మిషను ఆపేసి వీధి చివరిదాకా ఊరికే నడిచొచ్చాను.

చిన్నోడూ రాశాడు. జెర్సీ తడిమి చూసుకున్నాడట, పక్కా కుట్టట, క్లబ్బు ఉంచుకున్నట్టేనట. కుట్టు సంగతి వాడికెలా తెలుసో మరి, నేనైతే చెప్పలేదు. హాస్టల్ వదిలి గది అద్దెకి తీసుకున్నాడు. మంచం కొన్నాడట. పుట్టాక వాడు తనకోసం కొనుక్కున్న మొదటి సామాను. కిటికీ కొలతలు పంపాడు, పరదాలు కుడుతున్నాను. ఫిబ్రవరిలో నేనూ మీ బావా వస్తాం. గదిలో లైటు ఆర్పి పడుకుంటున్నానని రాశాడు. అది చదివి ఏడ్చాను. సంతోషానికే.

నీ పలుకుబడి గురించి నవ్వుకున్నందుకు ఏమీ అనుకోకు.

అక్క


ఫిబ్రవరి 2

అక్కకి,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. చిన్నోణ్ణి అమ్మేశారు.

జనవరి నాలుగున వచ్చింది పసుపు చీటీ. నేను రంగు రాయలేదు. గోల్‌కీపర్‌ని వదిలేసినట్టే వీణ్ణీ వదిలేస్తారని, పక్కాగా కుట్టేస్తే పని అయిపోతుందని అనుకున్నాను. నువ్వూ అదే ఉద్దేశంతో కుట్టమన్నావనుకున్నాను.

ఇప్పుడు తెలిసిందేమిటంటే, రహస్యం తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే. గుమాస్తాకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదనుకున్నది ఏజెంట్లందరికీ తెలుసు, ఆటగాళ్ళందరికీ తెలుసు. వీపు తట్టేది ఆప్యాయతతో కాదు, కుట్టు చూడడానికి. కచ్చాగా తగిలితే వీణ్ణి ఎలాగూ అమ్మేస్తారని ధర తగ్గిస్తారు. పెద్ద క్లబ్బు ఏజెంటు మనవాడి వీపు మూడుసార్లు తట్టాడు. ఎక్కడా దారం కదల్లేదు. నేరుగా ఛైర్మన్ గారి దగ్గరికి వెళ్ళి, ఇతన్ని అమ్మే ఉద్దేశం మీకు లేదని నాకు తెలుసు, అందుకే మూడింతలు ఇస్తానన్నాడట. ఛైర్మన్ గారు కాసేపు ఆలోచించినట్టు కూర్చుని, మంచినీళ్ళు తాగి ఒప్పుకున్నారట. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

నన్ను పిలిపించారు. ఉద్యోగం పోయిందనుకున్నాను. ‘ఏమయ్యా దర్జీ, ఇకమీదట అందరికీ పక్కాయే కుట్టు’ అన్నారు. నా గదిలో ఫ్యాను వేయించారు.

అసలు సంగతి ఇంకా రాయలేదు. జనవరి ఆరున నీకు రాసిన ఉత్తరం పోస్టులో వేసి వచ్చేసరికి చిన్నోడు నా గదిలో ఉన్నాడు. జెర్సీ తీసుకుని వెనక తడిమాడు. ‘మామయ్యా, నన్ను ఉంచేసుకున్నారా?’ అని అడిగాడు. నా నోట్లో సూది ఉంది. మాట్లాడక్కర్లేకపోయింది. ఊఁ అన్నాను. ఆ సూది తియ్యాల్సింది. రాత్రీ పగలూ అదే అనుకుంటున్నాను.

వెళ్ళే రోజు తన మంచం తెచ్చి నా గదిలో దింపి, జెర్సీ మడతపెట్టుకుంటూ, ‘చీటీ ఏ రంగు?’ అన్నాడు. చెప్పాను. కోప్పడలేదు.

‘ముందే చెప్పుంటే మంచం కొనేవాణ్ణి కాదు కదా మామయ్యా’ అన్నాడు.

తమ్ముడు


ఫిబ్రవరి 18

తమ్ముడికి,

నీకు ఇక రాయకూడదనుకున్నాను. వారం పాటు రాయలేదు కూడా. పరదాలు కుట్టడం అయిపోయిన మర్నాడు నీ ఉత్తరం వచ్చింది.

నేను పక్కాగా కుట్టమన్నది పని మర్యాద కోసం. అమ్మకుండా చూడమన్నది వేరే మాట. ఆ రెండూ కలిపి ఒక్క కుట్టు వేసి రెంటికీ సమాధానం చెప్పాననుకున్నావు. ఎప్పుడూ అంతే నువ్వు. కానీ ఒక్క నిజం ఒప్పుకుంటాను. నీ ఉత్తరంలో చీటీ రంగు లేదని నేను ఆ రోజే చూశాను. మళ్ళీ రాసి అడగొచ్చు. అడిగితే చెప్తావని భయమేసి అడగలేదు.

చిన్నోడు కొత్త క్లబ్బుకి వెళ్ళేముందు మూడు రోజులుండి వెళ్ళాడు. లైటు వేసుకునే పడుకున్నాడు. పీటీ మాస్టారు వచ్చి చెయ్యి పట్టుకుని, ఇంత ధర పలికావు, మన జట్టుకేమైనా వస్తుందా అని అడిగాడు. మీ క్లబ్బువాళ్ళు అభినందనలు రాసి ఇరవై టోపీలు పంపారట. గడ్డి యంత్రం పోయిన నెలే చెడిపోయింది. మీ బావ ఇప్పుడు టీ పూర్తిగా తాగుతున్నారు.

జెర్సీ తనతోనే తెచ్చుకున్నాడు. పేరు విప్పమని నా ముందు పెట్టాడు. నువ్వే విప్పుకోరా అన్నాను. మామయ్య కుట్టు నాకు రాదమ్మా అన్నాడు. బ్లేడు తీసుకుని పొద్దున్న కూర్చుంటే అన్నం వేళ దాటింది. బాగా కుట్టావు. నాన్న ఉంటే ఏమీ అనేవాడు కాదు, ఆయన ఏమీ అనకపోతే మెచ్చుకున్నట్టే కదా.

పేరు ఊడొచ్చాక వెలుతురులో పట్టి చూశాను. నీ రెండు వరసల కింద ఇంకా చిల్లులున్నాయి. పాత పేర్లవి. ముగ్గురివి లెక్క తేలాయి, నాలుగోది అరిగిపోయింది. నాకు చిన్నోడొక్కడే తెలుసు. వీళ్ళకీ అమ్మలుండి ఉంటారు. వాళ్ళెవరికీ అక్కడ తమ్ముడు లేడు.

ఇంతలో చిన్నోడు ఒక మాటన్నాడు. గుడ్డ ఇంకా గట్టిగానే ఉందమ్మా, తిరిగి పంపెయ్, కొత్తవాడు వస్తాడు అన్నాడు. అందుకే ఈ పొట్లం. ఇస్త్రీ చేశాను.

నువ్వు ఎలాగైనా కుట్టుకో. రెండు వరసలు వేస్తావో, మీ ఛైర్మన్ చెప్పినట్టే వేస్తావో నీ ఇష్టం. కానీ వచ్చేవాడు అడిగితే నోట్లో సూది తీసి మాట్లాడు.

అక్క


మార్చి 9

అక్కకి నమస్కారాలు.

పొట్లం అందింది. ఇస్త్రీ మడత చూసి బూట్ల మేస్త్రి, ఇది మన లాండ్రీ పని కాదన్నాడు.

చిన్నోణ్ణి అమ్మిన డబ్బుతో దక్షిణపు గ్యాలరీకి రేకుల కప్పు వేశారు. వాన పడితే జనమంతా దాని కింద నిలబడుతున్నారు. మొన్న నేనూ నిలబడ్డాను. కాసేపు నిలబడి, తడిసినా ఫరవాలేదని గదికి వచ్చేశాను.

గోల్‌కీపర్‌ని మొన్న ఒక ఏజెంటు వీపు తట్టి చూశాడు. ఇంత గట్టిగా పట్టుకున్నారంటే ఏదో ఉందనుకుని బేరం మొదలుపెట్టాడట. ఆయన బెంగపెట్టుకుని అన్నం మానేశాడు.

చిన్నోడి దగ్గర్నుంచి కార్డు వచ్చింది. అక్కడ పేర్లు కుట్టరట, వేడిపెట్టి అతికిస్తారట. తడిమితే ఏమీ తెలియదు మామయ్యా అని రాశాడు. కోపం లేదని రాయలేదు. ఉందనీ రాయలేదు. అలా ఉన్నంత కాలం రాస్తుంటాడనే ఆశ.

ఇప్పుడు గుమాస్తా అన్నీ తెల్ల చీటీలే పంపుతున్నాడు. అమ్మకానికి పెట్టినవాళ్ళ చీటీకి మూల మడుస్తున్నాడు. ఈసారి ఇది రహస్యమని నేను అనుకోవడం లేదు.

కొత్తవాడు సోమవారం వచ్చాడు. పదహారేళ్ళు, కుడికాలు. రెండు గోల్ వలలకీ ఒక నీళ్ళ ట్యాంకుకీ కొన్నారు. నువ్వు పంపిన జెర్సీయే వాడికి వచ్చింది. పేరు కుడుతుంటే పక్కన నిలబడి చూశాడు. గుడ్డను వెలుతురుకి పట్టి, ఈ చిల్లులేమిటని అడిగాడు. నీ ముందువాళ్ళవని చెప్పాను.

‘నన్నూ అమ్ముతారా?’ అన్నాడు.

నోట్లో సూది తీసి మిషను మీద పెట్టాను.

‘అమ్ముతారు. చీటీ వచ్చిన రోజే నీకు చెప్తాను, నువ్వు వీపు తడుముకోనక్కర్లేదు. అప్పటిదాకా బాగా ఆడు. మంచం మాత్రం కొనకు, నా దగ్గర ఒకటుంది.’

తమ్ముడు